దేవుడు కొడతాడని భయపడే పాప, తన జపమే సరిగ్గా లేదనుకునే బాబు

ప్రశ్న: మేం కతోలికులం, మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఎనిమిదేళ్ళు, ఈ ఏడాదే తొలి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) తీసుకోబోతున్నాడు. పాపకు ఐదేళ్ళు. రాత్రి కుటుంబ జపం అంటే చాలు, బాబు విసుక్కుంటాడు. యేసు నేర్పిన పరలోక జపం, మరియమ్మకు చేసే మంగళవార్త జపం గడగడా అప్పజెప్పేసి లేచిపోతాడు. పాప అల్లరి చేసినప్పుడల్లా మా అత్తగారు "దేవుడు చూస్తున్నాడు, కొడతాడు" అంటారు. ఇప్పుడది చీకట్లో పడుకోవడానికే భయపడుతోంది. మూడు నెలల క్రితం మా నాన్నగారు జబ్బు చేసి చనిపోయారు. ఆయన బాగుపడాలని పిల్లలిద్దరూ రోజూ జపం చేశారు. "దేవుడు తాతయ్యను ఎందుకు బాగు చేయలేదు? నేను సరిగ్గా జపం చేయలేదా?" అని బాబు అడిగితే నాకు నోట మాట రాలేదు. దేవుడు ప్రేమగలవాడని, ఆయనతో మాట్లాడవచ్చని వీళ్ళకు ఎలా నేర్పాలి?

సమాధానం: అమ్మా, మీరు రాసినవాటిలో ముందుగా చూడాల్సింది బాబు అడిగిన రెండో ప్రశ్న. "దేవుడు ఎందుకు బాగు చేయలేదు" అన్నదానికి పెద్దపెద్ద వేదాంతులే తడబడతారు. "నేను సరిగ్గా జపం చేయలేదా" అన్నదానికి మాత్రం సూటి జవాబు ఉంది, ఆ జవాబు ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఇంట్లో ఏ పెద్ద సంగతి జరిగినా దానికి తామే కారణమేమో అనుకుంటారు. జపం మధ్యలో ఒకరోజు నిద్రపోయి ఉండవచ్చు, ఇంకోరోజు ఆట గుర్తొచ్చి నవ్వి ఉండవచ్చు. ఆ కాస్త తప్పుకే తాతయ్య పోయాడని లోపల్లోపల లెక్క కట్టుకుంటారు. ఆ లెక్కను పైకి చెప్పరు. మీ బాబు చెప్పాడు, అది మీ అదృష్టం.

పక్కన కూర్చుని, వాడి వయసుకు తగిన మాటల్లో ఇలా చెప్పండి: "నువ్వు జపం సరిగ్గానే చేశావు. దేవుడు నీ ప్రతి మాటా విన్నాడు. తాతయ్య చనిపోవడానికి నువ్వు కారణం కాదు, నీ జపం కారణం కాదు. దేవుడు ఎందుకు బాగు చేయలేదో నాకూ తెలియదు. తాతయ్యను మాత్రం ఆయన వదిలిపెట్టలేదు." ఇంతే. తర్వాత ఊరుకోండి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి, మీకు ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు. పోయింది మీ నాన్నగారు కూడా కదా. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్నాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది. ఏడిస్తే విశ్వాసం లేనట్టు కాదని పిల్లవాడికి చెప్పడానికి అంతకంటే మంచి వాక్యం దొరకదు. ఇదే ప్రశ్న వాడు మళ్ళీ మళ్ళీ అడగవచ్చు. ప్రతిసారీ అదే జవాబు, అదే నిదానంతో చెప్పండి. మాట మారిస్తే "అమ్మ ఏదో దాస్తోంది" అనుకుంటాడు.

ఓదార్పుగా అనిపించినా పిల్లల్లో కొత్త భయాలు పుట్టించే మాటలు కొన్ని ఉన్నాయి. "దేవుడికి తాతయ్య కావాలనిపించి తీసుకెళ్ళాడు" అంటే, రేపు అమ్మ కావాలనిపిస్తే? "మంచివాళ్ళను దేవుడు తొందరగా పిలుచుకుంటాడు" అంటే, మంచిగా ఉండటమే ప్రమాదమని అర్థమవుతుంది. "తాతయ్య నిద్రపోయాడు" అన్న ఇంట్లో పిల్లలు నిద్రకు భయపడతారు, మీ పాప విషయంలో ఇది మరీ జాగ్రత్త. "తాతయ్య దేవదూత అయ్యాడు" అన్నది శ్రీసభ (కతోలిక సంఘం) బోధ కాదు. దేవదూతలు వేరు, మనుషులు వేరు. చనిపోయినవారు మనుషులుగానే, తమ పేరుతోనే, దేవుని చేతుల్లో పునరుత్థానం కోసం ఎదురుచూస్తారు. ఇక బంధువుల్లో ఎవరైనా "ఇంకాస్త నమ్మకంగా జపం చేసి ఉంటే బతికేవాడు" అంటే అక్కడే ఆపండి. ఆ ఒక్క మాట ఒక పిల్లవాడిని జీవితాంతం జపానికి దూరం చేయగలదు.

ఎనిమిదేళ్ళవాడికి, యేసు చనిపోవడానికి ముందు రాత్రి గెత్సేమని తోటలో జపం చేసిన కథ చెప్పవచ్చు. మార్కు సువార్త 14వ అధ్యాయం, 32 నుంచి 36 వచనాలు. యేసు కూడా ఒక విన్నపం చేశాడు: ఈ పాత్రను (రాబోయే బాధను) నానుంచి తొలగించు తండ్రీ అని. అది తొలగిపోలేదు. ఆ రాత్రి ఆయన జపంలో ఏ లోపమూ లేదు, తండ్రికి ఆయనంటే ప్రేమ తగ్గనూ లేదు. లూకా సువార్తలో అదే ఘట్టంలో ఒక దూత వచ్చి ఆయనకు బలం ఇచ్చాడని ఉంది. అడిగింది అడిగినట్టు దొరకకపోయినా ఒంటరిగా వదిలేయలేదని పిల్లవాడికి అందేది ఆ వాక్యం దగ్గరే. కథ చెప్పాక "కాబట్టి నువ్వూ..." అంటూ ప్రసంగం మొదలుపెట్టకండి. చదివి వదిలేయండి. మూడో రోజునో నాలుగో రోజునో వాడే ఏదో అడుగుతాడు.

దేవుడిమీద కోపంగా ఉందంటే తిట్టకండి. 13వ కీర్తన చూపించండి, ఆరే వచనాలు. "ఎంతకాలం ప్రభూ, నన్ను మరచిపోతావా" అన్న ధోరణిలో మొదలవుతుంది. అలాంటి ఫిర్యాదు బైబిల్లోనే ఉందని, దాన్ని శ్రీసభ ఈనాటికీ జపంగా చదువుతోందని తెలిస్తే వాడికి గుండె తేలికవుతుంది. జపం ఫలించలేదన్న బాధను కతోలిక శ్రీసభ బోధలను వివరించే సత్యోపదేశ గ్రంథం (కాటెకిజం) కూడా దాటవేయలేదు. 2735 నుంచి 2737 పేరాలు దాని గురించే. అవి పెద్దల కోసం రాసినవి, ముందు మీరు చదవండి.

తాతయ్య కోసం జపం చేయడం ఇప్పుడు కూడా వాడి చేతిలోనే ఉంది. కతోలిక పిల్లవాడికి ఇది పెద్ద ఊరట. ఆదివారం పూజలో, అప్పద్రాక్షారసాల ప్రతిష్ఠ అయ్యాక, గురువు (ఫాదర్) చనిపోయినవారిని తలచుకునే ఘట్టం వస్తుంది. అది ఎప్పుడొస్తుందో ముందే చెప్పి, ఆ క్షణంలో మెల్లగా వాడి చెయ్యి నొక్కండి. తాతయ్య పేరు మనసులో చెప్పుకోవడం వాడి పని. చనిపోయిన రోజు, నవంబరు 2న సకల మృతుల స్మరణ దినం, ఈ రెండూ ఇంట్లో క్యాలెండరు మీద వాడిచేతే గుర్తు పెట్టించండి.

ఇక పాప సంగతి. అన్నీ చూసేవాడు, చీకట్లో కూడా చూసేవాడు, పైగా కొట్టేవాడు. ఐదేళ్ళ పిల్ల ఈ మూడూ కలిపితే వచ్చేది చీకటి భయమే, అందులో వింతేమీ లేదు. ఆదికాండం 3వ అధ్యాయంలో ఆదాము చెట్ల చాటున దాక్కుని చెప్పిన మాట కూడా "భయపడి దాక్కున్నాను" అనే. భయపడిన పిల్ల జపం చేసినా అందులో దాక్కుంటుంది, మనసు విప్పదు. దేవుడి పేరు చెప్పి అల్లరి మాన్పించడం ఆ పూటకు పనిచేసినట్టే ఉంటుంది. అందుకే ఆ అలవాటు పోదు. పదేళ్ళు దాటి ఆ బెదిరింపు పనిచేయని రోజు వచ్చేసరికి, పిల్లల మనసులో భయంతోపాటు దేవుడు కూడా కొట్టుకుపోతాడు.

అత్తగారితో ఈ విషయం పాప ఎదుట మాట్లాడకండి, మీవారిని పక్కన పెట్టుకుని మాట్లాడితే ఇంకా మంచిది. ఆమెను తప్పుపడుతున్నట్టు కాకుండా పాప రాత్రిళ్ళు ఎలా భయపడుతోందో చెప్పండి. ఆ మాట అనవద్దని చెప్పి ఊరుకుంటే చాలదు, దాని స్థానంలో ఏమనాలో కూడా కావాలి. తప్పు చేస్తే పెద్దవాళ్ళు తమ పేరు మీదే దిద్దాలి: "అన్నయ్యను కొరకకూడదు, నేను ఒప్పుకోను, వెళ్ళి చెయ్యి పట్టుకుని సారీ చెప్పు." అక్కడ దేవుడి ప్రస్తావన అవసరం లేదు. దేవుడి పేరు రావాల్సింది ఆ తర్వాత: "సారీ చెప్పావుగా, దేవుడు సంతోషించాడు." అంతకంటే ముఖ్యంగా, అత్తగారికి ఒక బాధ్యత అప్పగించండి. పునీతుల కథలు, పాత జపాలు ఆమెకు తెలిసినన్ని మీకు తెలిసి ఉండవు. రాత్రి పాపను దీవించి పడుకోబెట్టే పని ఆమెదే అనండి. నిన్నటిదాకా దేవుడిని చూపించి భయపెట్టిన గొంతే ఇప్పుడు దేవుడి పేరుతో దీవిస్తే, మీరు పదిసార్లు సర్దిచెప్పిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఆ దీవెన ఎలాగంటే, బొటనవేలితో పాప నుదుటిమీద చిన్న సిలువ గుర్తు వేయాలి. జ్ఞానస్నానం (బాప్తిస్మం) రోజున గురువు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు వేసిన గుర్తే అది. కావాలంటే వేలిని పవిత్ర జలంలో ముంచవచ్చు. "దేవుడు నిన్ను రాత్రంతా చల్లగా కాపాడును గాక, పిత పుత్ర పవిత్రాత్మ నామమున, ఆమెన్" అంటే చాలు. మాటలు రోజూ ఒకేలా ఉండాలి. భయపడే పిల్లకు మారని మాటే ధైర్యం. 4వ కీర్తన చివరి వచనం, ప్రశాంతంగా పడుకుని నిద్రపోతాను, నన్ను భద్రంగా ఉంచేది నీవే అన్న భావం ఉన్నది, వారం రోజుల్లో నోటికి వచ్చేస్తుంది. కావలి దూత జపం ఈ వయసుకు చక్కగా సరిపోతుంది. మత్తయి సువార్త 18:10లో చిన్నవారి దూతల గురించి యేసే చెప్పాడు, అక్టోబరు 2న వారి పండుగ. ఒక్క జాగ్రత్త: "నీ దూత అన్నీ దేవుడికి చెప్పేస్తుంది" అని మాత్రం అనకండి. కొట్టే దేవుడు పోయి చాడీలు చెప్పే దూత వస్తుంది. చిన్న రాత్రి దీపం పెట్టడానికీ వెనకాడకండి. దీపం వేసినంత మాత్రాన విశ్వాసం తగ్గదు.

దేవుడి ప్రేమ గురించి ఐదేళ్ళ పిల్లకు చెప్పడానికి మంచి కాపరి కథను మించింది లేదు. 1954లో రోములో సోఫియా కవల్లెట్టి, జాన్నా గోబ్బి మొదలుపెట్టిన మంచి కాపరి సత్యోపదేశ పద్ధతి మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతో చేసే పనికి ఈ కథనే కేంద్రంగా పెట్టుకుంది. పాపం, శిక్ష, విధి అన్నవి ఈ వయసులో అందవు. "నా పేరు ఆయనకు తెలుసు, నేను తప్పిపోతే వెతుకుతాడు" అన్నది అందుతుంది. ఇంట్లో చేయాలంటే, అట్టముక్క మీద కాపరి బొమ్మ, పది గొర్రె బొమ్మలు గీసి కత్తిరించండి. నిలబడటానికి కింద కాస్త మడత పెట్టండి. చుట్టూ కంచెకు అగ్గిపుల్లలు (మందు తీసేసినవి) చాలు. లూకా సువార్త 15:4 నుంచి 6 వరకు నెమ్మదిగా చదువుతూ బొమ్మలు కదపండి. ఒక గొర్రెను దిండు వెనక పెట్టండి. కాపరి వెళ్ళి భుజాల మీద ఎత్తుకుని రావాలి. యోహాను 10:3లో గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ఉంది కాబట్టి ప్రతి గొర్రెకూ పాపే పేరు పెట్టవచ్చు.

తర్వాత బొమ్మలు పాపకు ఇచ్చేసి పక్కకు జరగండి. ఇక్కడ చాలామంది పెద్దవాళ్ళు తొందరపడతారు, "ఆ గొర్రెవి నువ్వే" అని చెప్పేస్తారు. చెప్పకండి. "ఈ గొర్రెలు ఎవరై ఉంటారు?" అని ఒకసారి అడిగి వదిలేయండి. కొందరు పిల్లలు అప్పటికప్పుడే చెబుతారు, కొందరికి వారాలు పడుతుంది. తనంతట తాను "అది నేనే" అన్న పిల్లకు ఇక దేవుడు ఎవరో విడిగా చెప్పనక్కర్లేదు. ఒకే కథ నెల రోజులు సాగినా మార్చకండి. విసుగు మనకే వస్తుంది, వాళ్ళకు రాదు.

ప్రేమ అంటే ఏం చేసినా ఫరవాలేదని కాదు కదా అన్న అనుమానం మీ అత్తగారికి రావచ్చు, న్యాయమైనదే. దానికి జవాబు కూడా లూకా 15లోనే ఉంది. తప్పిపోయిన కుమారుని కథలో కొడుకు చేసింది తప్పేనని తండ్రి ఎక్కడా కాదనలేదు. కొడుకు దూరంగా ఉండగానే చూసి పరుగెత్తుకుని వెళ్ళాడు. బాబుకు పాపసంకీర్తనం (గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం) ముందు చెప్పాల్సిన కథ ఇదే. వరుస మాత్రం తారుమారు కాకూడదు: ముందు తండ్రి ఎలాంటివాడో, తర్వాత తప్పు, ఆ తర్వాత క్షమాపణ.

కుటుంబ జపం దగ్గరికి వద్దాం. బాబు విసుగుకు కారణం భక్తి లేకపోవడం కాదు, చాలావరకు సమయమూ నిడివే. కళ్ళు మూతలు పడే వేళ అరగంట జపమంటే పెద్దవాళ్ళకే కష్టం. రాత్రి భోజనానికి ముందుకు మార్చి చూడండి. ఐదేళ్ళ పిల్లకు మూడు నిమిషాలు, ఎనిమిదేళ్ళవాడికి ఐదు నుంచి ఏడు నిమిషాలు చాలు. జపమాల ఐదు గుర్తులూ చెప్పడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. పిల్లలతో ఒక్క గుర్తు, అంటే ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం, చెప్పుకుని పిల్లలను పంపించి, మిగతా నాలుగూ పెద్దవాళ్ళు కొనసాగించవచ్చు. ఎవరైనా ఉండిపోతానంటే ఉండనివ్వండి. టీవీ, ఫోన్లు జపానికి సరిగ్గా ముందు కాకుండా ఓ పది నిమిషాల ముందే ఆపాలి. కార్టూను మధ్యలో లాక్కొచ్చి కూర్చోబెట్టిన పిల్లవాడు జపమంతా ఆ కార్టూనులోనే ఉంటాడు.

స్థలం ఒకటి ఉండాలి: సిలువ, బైబిలు, కొవ్వొత్తి పెట్టిన చిన్న బల్ల. వెలిగించడం పెద్దవాళ్ళు, చివర్లో ఆర్పడం పిల్లలు వంతులవారీగా. ఈ ఆర్పే వంతు కోసమే జపానికి వచ్చే పిల్లలుంటారు, రానివ్వండి. మొదట కాసేపు మౌనం. పాప ఇరవై ముప్ఫై సెకన్లు ఉండగలదు, బాబు ఒక నిమిషం. తర్వాత సిలువ గుర్తు. పిల్లలు దీన్ని ముఖం ముందు ఈగలు తోలినట్టు వేస్తారు, ఎందుకంటే మనమూ అలాగే వేస్తాం. కుడి అరచేయి తెరిచి, నుదుటి మీద "పిత", ఛాతీ మీద "పుత్ర", ఎడమ భుజం నుంచి కుడి భుజానికి "పవిత్రాత్మ నామమున". ప్రతి చోటా చెయ్యి నిజంగా తాకాలి. మీరు ఎదురుగా నిలబడి చూపిస్తే పాప అద్దంలోలా ఎడమకుడి తారుమారు చేసుకుంటుంది, పక్కన నిలబడి చూపించండి.

ఆపైన సువార్త నుంచి రెండు మూడు వాక్యాలు చదవాలి, అంతకంటే ఎక్కువ వద్దు. తర్వాత సొంత మాటలు, తర్వాత పరలోక జపం, చివర దీవెన. ఇంతే క్రమం, రోజూ ఇదే.

సొంత మాటల దగ్గర "దేవుడికి థాంక్స్ చెప్పు" అంటే పిల్లలు బిగుసుకుపోతారు, లేదా రోజూ ఒకే వాక్యం చెబుతారు. "ఈరోజు నీకు ఏది బాగా నచ్చింది?" అని అడగండి, చెప్పాక "అదే దేవుడికి చెప్పు" అనండి. అలాగే "ఏది బాగా లేదు?", "ఎవరి గురించి బెంగగా ఉంది?" ముందు పెద్దవాళ్ళు ఒకరు చెప్పాలి, ఒకే వాక్యం, మామూలు మాటల్లో. "పనిలో ఒకరిమీద అరిచాను ప్రభూ, క్షమించు" అని మీవారు అంటే, పిల్లవాడు ఆ రోజు నేర్చుకునేది నెల రోజుల పాఠంకన్నా ఎక్కువ. అసలు తండ్రి ఆ జపంలో ఉన్నాడా లేడా అన్నది మగపిల్లలు చాలా గమనిస్తారు. తల్లీ నాయనమ్మా మాత్రమే కూర్చునే ఇంట్లో, పెద్దయితే జపం మానేయవచ్చని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకుంటారు.

ఒక అలవాటు మాత్రం వెంటనే మానాలి, చాలా ఇళ్ళలో ఉన్నది: జపం పేరుతో పిల్లవాడిని తిట్టడం. "ప్రభూ, వీడికి కాస్త బుద్ధి ప్రసాదించు, చదువుమీద ధ్యాస ఇవ్వు" అని వాడి ఎదుటే అంటే, అది దేవుడితో మాట కాదు, వాడికి వేసిన చురక. వాడికి అది బాగా తెలుసు. అల్లరి చేసినందుకు పది మంగళవార్త జపాలు చెప్పమనడం, జపం చెప్తే చాక్లెట్ ఇవ్వడం, చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, విశ్వాస సంగ్రహం చెప్పు" అనడం, ఇవన్నీ ఒకే కోవలోవి. జపాన్ని శిక్షగానో, జీతానికి చేసే పనిగానో, ప్రదర్శనగానో మార్చేస్తాయి.

కంఠస్థ జపాలు గడగడా చెప్తున్నాడని వాటిని తీసేయకండి. దుఃఖంలో, భయంలో సొంత మాటలు రానప్పుడు ఆ కంఠస్థ మాటలే ఆదుకుంటాయి. చేయాల్సింది వాటికి అర్థం నింపడం. బాబును పరలోక జపం చాలా మెల్లగా, మాట మాట విడదీసి చెప్పమనండి. ఎక్కడెక్కడ తప్పుగా విన్నాడో, ఏ మాటను శబ్దంగా మాత్రమే పలుకుతున్నాడో బయటపడుతుంది. "చిత్తము", "శోధన" లాంటి మాటలు ఎనిమిదేళ్ళవాడికి ఎవరూ విప్పి చెప్పి ఉండరు. ఆ జపంలో ఏడు విన్నపాలు ఉన్నాయి. మొదటి మూడు దేవుని కోసం, తర్వాతి నాలుగు మన కోసం. వారానికొకటి తీసుకోండి, ఏడు వారాలు. ఆ వారమంతా ఆ విన్నపం దగ్గర ఒక శ్వాస ఆగి ముందుకు వెళ్ళాలి. క్షమాపణ విన్నపం వచ్చిన వారం కొంచెం కష్టంగా గడుస్తుంది, ముఖ్యంగా అన్నాచెల్లెళ్ళ మధ్య. ఆ వారాన్ని తొందరగా ముగించకండి.

మంగళవార్త జపం రెండు భాగాలు. మొదటిది గబ్రియేలు దూత, ఎలిసబెతమ్మ పలికిన మాటల నుంచి వచ్చింది, లూకా మొదటి అధ్యాయంలో 28, 42 వచనాలు. రెండోది శ్రీసభ చేసే వేడుకోలు. మొదటి భాగం బాబు, రెండోది మిగతా అందరూ చెబితే, వాడు తొందరపడటానికి వీలుండదు. ముందు నడిపించేవాడు తనే కాబట్టి విసుగూ తగ్గుతుంది.

జపంలో మనసు ఎటో పోయిందని పిల్లలు చెబితే మందలించకండి. పరధ్యానాన్ని వెంటాడి తరమబోతే అందులోనే చిక్కుకుంటామని సత్యోపదేశ గ్రంథం 2729వ పేరా హెచ్చరిస్తుంది. ఆట గుర్తొచ్చిందా, ఆ ఆట గురించే దేవుడితో ఒక్క మాట చెప్పి మళ్ళీ జపంలోకి రమ్మనండి.

పిల్లల జపాల్లో ఎక్కువ భాగం అడగడమే. అడగడం తప్పు కాదు, అడగమని యేసే చెప్పాడు. కొడుకు చేప అడిగితే పామును ఇచ్చే తండ్రి ఉంటాడా అని లూకా 11వ అధ్యాయంలో అడిగాడు. కానీ స్తుతి, కృతజ్ఞత, ఇతరుల కోసం వేడుకోలు, ఇవి కూడా జపాలేనని మెల్లగా అలవాటు చేయాలి. ఇతరుల కోసం చేసే జపానికి పాప చేతివేళ్ళు పనికొస్తాయి: బొటనవేలు మనకు బాగా దగ్గరివారికి, చూపుడువేలు దారి చూపే టీచర్లకు, డాక్టర్లకు, నడిమివేలు పెద్ద బాధ్యతల్లో ఉన్నవారికి, ఉంగరపువేలు జబ్బుపడ్డవారికి, బలహీనులకు, చిటికెనవేలు తనకు. ఇక మనం చేయకూడనిది దేవుడి తరఫున మాట ఇవ్వడం. "జపం చెయ్యి, మార్కులు వస్తాయి", "జపం చేస్తే తాతయ్య లేచి తిరుగుతారు" అన్న మాటలు ఆ పూట పిల్లవాడిని కూర్చోబెడతాయి, తర్వాత వాడి నమ్మకాన్ని పడగొడతాయి. మీ ఇంట్లో ఎవరైనా అలా అని ఉంటే, "మేం అలా చెప్పకూడదు, దేవుడు ఆ మాట ఇవ్వలేదు" అని బాబుకు స్పష్టంగా చెప్పేయండి.

దేవుడు చూసుకుంటాడంటే ఎలా చూసుకుంటాడో కూడా చెప్పాలి, లేకపోతే ఆ మాట పిల్లలకు గాలిలో ఉంటుంది. మత్తయి 6వ అధ్యాయంలో ఆకాశ పక్షులకు తండ్రి తిండి పెడతాడని ఉంది, కానీ పక్షి గూట్లో కూర్చుంటే తిండి నోట్లోకి రాదు, ఎగిరి వెతుక్కోవాలి. దేవుడు మనుషుల చేత, ప్రకృతి చేత కూడా పని చేయించుకుంటాడన్నది శ్రీసభ బోధ. "ఈరోజు దేవుడు నిన్ను ఎవరి ద్వారా చూసుకున్నాడు?" అని అప్పుడప్పుడు అడగండి. నీళ్ళిచ్చిన స్నేహితుడు, జ్వరం చూసిన నర్సు, జడ వేసిన నాయనమ్మ, ఎవరైనా. తాతయ్య విషయంలో కూడా ఈ ప్రశ్నకు జవాబులు ఉన్నాయి: ఆయన చివరి రోజుల్లో పక్కన కూర్చున్నవాళ్ళు, మందులు ఇచ్చినవాళ్ళు, గురువును పిలిపించి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (జబ్బుపడ్డవారికి నూనె పూసి చేసే సంస్కారం) ఇప్పించి ఉంటే అది కూడా. వాటిని బాబు చేతే చెప్పించండి, మీరు జాబితా చదవకండి. ఎవరి కోసమైనా జపం చేసిన రోజున, వాళ్ళ కోసం చేయగల చిన్న పని ఏదైనా ఉందా అని కూడా చూసుకోవాలి, ఫోను చేయడమో, బొమ్మ గీసి పంపడమో.

తొలి దివ్యసత్ప్రసాదం గురించి మీరు విడిగా అడగలేదు, అయినా బాబు ఇప్పుడున్న స్థితిలో చెప్పాలి. ఏడేళ్ళు నిండిన పిల్లలకు వివేకం వచ్చినట్టు శ్రీసభ చట్టం భావిస్తుంది. 1910 ఆగస్టులో పదవ పయస్ పోపుగారి కాలంలో వెలువడిన ఆజ్ఞతో ఈ వయసు పిల్లలకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడం స్థిరపడింది. అది మామూలు రొట్టె కాదని, క్రీస్తు శరీరమని తన స్థాయిలో తెలిసి, భక్తితో స్వీకరించగలగడమే ముఖ్యం. స్వీకరించడానికి గంట ముందు నుంచి నీళ్ళు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. స్వీకరించి వచ్చి కూర్చున్నాక ఏం చేయాలో ఎవరూ నేర్పరు, పిల్లలు పక్కవాళ్ళను చూస్తూ కూర్చుంటారు. ఆ రెండు మూడు నిమిషాలకు ఇంట్లోనే అలవాటు చేయండి: కళ్ళు మూసుకుని, వచ్చినందుకు యేసుకు థాంక్స్, ఇంట్లోవాళ్ళ పేర్లు, తాతయ్య పేరు, ఆ తర్వాత మౌనం.

దానికి ముందు మొదటి పాపసంకీర్తనం ఉంటుంది. ఆత్మపరిశీలన ఇంట్లో చేయించేటప్పుడు రోజులో మంచివాటికి కృతజ్ఞతతో మొదలుపెట్టి, తర్వాతే తప్పుల దగ్గరికి రావాలి. గురువు విన్నది ఎవరికీ, ఎప్పటికీ చెప్పరని వాడికి చెప్పండి, మీరు కూడా "ఏం చెప్పావు?" అని అడగకండి. ప్రాయశ్చిత్తంగా గురువు ఏదైనా జపం చెప్పమంటారు, అది శిక్ష కాదు, క్షమాపణ పొందాక కృతజ్ఞతతో చేసే పని. ఇంకోటి కూడా: "తాతయ్య కోసం జపం సరిగ్గా చేయలేదు" అని దాన్ని పాపంగా ఒప్పుకోవడానికి బాబు సిద్ధపడవచ్చు. అది పాపం కాదని ముందే చెప్పండి. నిద్ర రావడం, మనసు చెదరడం పాపాలు కావు. పాపమంటే తెలిసి, కావాలని చేసేది.

జపం మొదటి నుంచి మళ్ళీ మళ్ళీ చెప్పడం, ఒక మాట తప్పితే ఏదో చెడు జరుగుతుందని వణకడం, నిద్ర పట్టకపోవడం, తినకపోవడం, బడికి వెళ్ళేముందు రోజూ కడుపునొప్పి అనడం, తాతయ్య పోవడానికి తనే కారణమని ఎంత చెప్పినా అనడం, ఇలాంటివి వారాల తరబడి కనిపిస్తే మాత్రం దాన్ని భక్తి అనుకోకండి, మొండితనమూ అనుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి పంపుతారు. విచారణ గురువుకు (మీ చర్చి ఫాదర్‌కు), సత్యోపదేశం చెప్పే టీచరుకు కూడా ఇప్పుడే, పాపసంకీర్తన తరగతులు మొదలుకాకముందే, మూడు విషయాలు చెప్పి ఉంచండి: తాతయ్య మరణం, బాబు అడిగిన ప్రశ్న, మీరు చెప్పిన జవాబు. ఇంట్లో ఒక మాట, తరగతిలో ఇంకో మాట విననక్కర్లేకుండా వాళ్ళు జాగ్రత్తపడతారు.